కన్ను బాగానే ఉంటుంది, చూపే తగ్గుతుంది

మల్టిపుల్ స్క్లెరోసిస్ మెదడుకూ వెన్నుపాముకూ వచ్చే జబ్బు. డాక్టర్లు పొట్టిగా ఎంఎస్ అంటారు. కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటి బాధలు దీనికి పేరుమోసిన లక్షణాలు. కానీ ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి అది మొట్టమొదట బయటపడేది ఒక కంటి చూపు తగ్గడంతోనే. ముందో వెనకో సుమారు సగం మందికి ఈ బాధ ఎదురవుతుంది. కంటి నరానికి ఇన్‌ఫ్లమేషన్ రావడం వల్ల కలిగే ఈ స్థితిని ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. ఇందులో కంటి లెన్సుకు గానీ రెటీనాకు గానీ మొదట ఏ లోపమూ ఉండదు. అద్దాల పవర్ మార్చినా ఫలితం కనిపించదు. కన్ను చూస్తూనే ఉంటుంది, చూసింది మెదడుకు సరిగా చేరదు.

కంటికీ మెదడుకూ మధ్య ఉన్న ఈ నరం పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. రెటీనా లోపలి పొరలోని గ్యాంగ్లియాన్ కణాలు ఒక్కొక్కటీ ఒక్కో సన్నని పోగును వెనక్కి పంపుతాయి. అలాంటి పోగులు 10 నుంచి 12 లక్షల దాకా కనుగుడ్డు వెనక ఒకచోట కలిసి కట్టగా బయటికి వస్తాయి. ఆ కట్టే కంటి నరం. పేరుకు నరమే గానీ అది చేతుల్లో కాళ్లలో ఉండే నరాల జాతిది కాదు, మెదడే కాస్త ముందుకు సాగిన భాగం. చేతి నరాల మీది మైలిన్ తొడుగును ష్వాన్ కణాలు తయారుచేస్తాయి. కంటి నరం మీది మైలిన్‌ను మాత్రం, మెదడులోనూ వెన్నుపాములోనూ ఆ పని చేసే ఒలిగోడెండ్రోసైట్లే తయారుచేస్తాయి. ఎంఎస్ దెబ్బతీసేది ఈ రెండో రకం తొడుగునే. చేతి నరం చెక్కుచెదరకుండా ఉండి కంటి నరం పాడవడానికి కారణం ఇదే. బతికి ఉండగా చూపు గురించి ఎన్నడూ ఫిర్యాదు చేయని ఎంఎస్ రోగుల్లో కూడా, మరణానంతరం పరీక్షిస్తే కంటి నరంలో మచ్చలు కనిపించడం మామూలే.

ఇన్‌ఫ్లమేషన్ అనేది ఒంటికి సాధారణంగా మేలు చేసే పనే. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పెడుతుంది. రోగనిరోధక కణాలు అక్కడ మూగి సూక్ష్మజీవులను చంపుతాయి. మెదడుకు మాత్రం ఈ హడావిడి ప్రమాదం. అందుకే మెదడులోని రక్తనాళాల గోడలు చాలా బిగువుగా ఉండి, రక్తంలోని కణాలను అంత తేలిగ్గా లోపలికి రానివ్వవు. ఎంఎస్‌లో ఈ కాపలా తప్పుతుంది. ఒంట్లో మరెక్కడో రెచ్చిపోయిన టి-లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు రక్తనాళం గోడకు అతుక్కుని, దాన్ని దాటి లోపలికి చొరబడతాయి. మైలిన్‌ను పరాయి పదార్థంగా పొరబడి, సైటోకైన్లు అనే రసాయనాలు వదిలి మిగతా కణాలను పిలుస్తాయి. బి-లింఫోసైట్లు తోడవుతాయి. మాక్రోఫేజ్‌లు మైలిన్‌ను ఒలిచి మింగేస్తాయి. రక్తనాళాల నుంచి నీరు ఊరి నరం ఉబ్బుతుంది. కంటి నరం పుర్రెలోకి వెళ్లేది ఎముకలోని ఒక ఇరుకు దారి గుండా. అక్కడ ఉబ్బడానికి చోటు ఉండదు.

మైలిన్ ఉన్న పోగులో విద్యుత్ సంకేతం అంగుళం అంగుళం పాకుతూ పోదు. తొడుగు మధ్యలో అక్కడక్కడా ఉండే ఖాళీల మీదుగా గంతులు వేస్తూ పోతుంది. దాని వేగమంతా అందులోనే ఉంది. తొడుగు ఊడిన చోట కొన్ని పోగుల్లో సంకేతం దాటలేక ఆగిపోతుంది. కొన్నిటిలో దాటుతుంది గానీ ఆలస్యంగా. మరికొన్ని పోగులు ఆ వాపులో ఏకంగా తెగిపోతాయి. ఆగిపోవడం చాలావరకు తాత్కాలికం. వాపు తగ్గాక, తొడుగు పోయిన చోట పోగు తన పొర మీద కొత్తగా సోడియం చానళ్లను పరుచుకుని పని సాగించుకుంటుంది. ఆలస్యం ఏళ్ల తరబడి మిగలవచ్చు. తెగిన పోగు మాత్రం తిరిగి మొలవదు. ఆప్టిక్ న్యూరైటిస్‌లో చూపు హఠాత్తుగా పోవడం, వారాల్లో తిరిగి రావడం, వచ్చాక కూడా ఏదో లోటు ఉండిపోవడం, ఇదంతా ఆ మూడు రకాల నష్టంలో ఏది ఎంత పాలు ఉందన్నదాన్ని బట్టి నడుస్తుంది.

రోగనిరోధక వ్యవస్థ ఇలా ఎందుకు గురి తప్పుతుందో చెప్పడానికి ఒక్క కారణం చాలదు. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువకుల రికార్డుల ఆధారంగా 2022లో వెలువడిన ఒక అధ్యయనం, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే ముప్పు 32 రెట్లు పెరుగుతుందని తేల్చింది. అయితే పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. వారిలో ఎంఎస్ వచ్చేది బహు కొద్దిమందికే. పుట్టుకతో వచ్చిన జన్యువులు, విటమిన్ డి కొరత, పొగతాగడం, చిన్ననాటి అధిక బరువు, ఇవన్నీ తలా కొంచెం ముప్పును పెంచుతాయి.

బాధ తరచూ నొప్పితో మొదలవుతుంది. కన్ను పక్కకు తిప్పితే, పైకి చూస్తే, కనుగుడ్డు వెనక లాగినట్టు ఉంటుంది. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో 92 శాతం మందికి ఈ నొప్పి ఉన్నట్టు తేలింది. ఆ తర్వాత గంటల్లోనో రోజుల్లోనో చూపు నడిమధ్య మసక కమ్ముతుంది. ఎదుటి మనిషి జుట్టూ చెవులూ కనిపిస్తూ ముఖం మాత్రం చెరిగిపోయినట్టు చెప్పేవారూ ఉంటారు. కొందరికి చార్టులో ఒకటి రెండు వరుసలే తగ్గితే, కొందరికి వెలుతురు తప్ప మరేమీ తెలియదు. రెండు వారాల్లోపు చూపు ఎంత తగ్గాలో అంతా తగ్గిపోతుంది. రంగులు, ముఖ్యంగా ఎరుపు, వెలిసిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి కంటి డాక్టర్లు మందు సీసా ఎర్ర మూతనొకదాన్ని చూపించి, ఒక్కో కన్నూ మూసి చూడమంటారు. బాగున్న కంటికి ముదురు ఎరుపుగా ఉన్న మూత జబ్బు కంటికి గులాబీగానో, వెలిసిన ఇటుక రంగుగానో కనిపిస్తుంది. చార్టు మీద అక్షరాలు బాగానే చదివేవారిలో కూడా ఈ తేడా బయటపడుతుంది. ఎక్కువగా దీని బారిన పడేది 20 నుంచి 45 ఏళ్ల వయసువారు. వారిలో నలుగురిలో ముగ్గురు స్త్రీలు.

రెండు కళ్ల సంకేతాల్లో ఒకటి ఆలస్యంగా చేరడం వల్ల మరో వింత బాధ పుడుతుంది. గోడగడియారం లోలకం అటూ ఇటూ తిన్నగా ఊగుతున్నా, గుండ్రంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిచ్ 1922లో వివరించాడు. రోడ్డు దాటేటప్పుడు ఎదురొచ్చే బండి దూరం అంచనా తప్పడం, గ్లాసులో నీళ్లు వంచితే పక్కన పడటం దీని ఇంటి రూపాలు. చార్టులో 6/6 చదివినవాళ్లు ఇలా చెబితే ఇంట్లోవాళ్లు నమ్మరు. కొన్నిసార్లు డాక్టరూ నమ్మడు.

నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. వాపు కనుగుడ్డుకు ఆనుకుని ఉంటే, కంటి లోపలికి చూసినప్పుడు నరం మొదలు ఉబ్బి కనిపిస్తుంది. కానీ మూడింట రెండొంతుల మందిలో వాపు వెనకెక్కడో ఉంటుంది. వారిలో తొలి రోజుల్లో అంతా మామూలుగానే కనబడుతుంది. రోగికీ ఏమీ కనిపించదు, డాక్టరుకూ ఏమీ కనిపించదు అనే పాత చమత్కారం కంటి వైద్యుల్లో ఇందుకే పుట్టింది. ఈ పరిస్థితిలో అక్కరకొచ్చేది ఖరీదైన యంత్రం కాదు, చేతి టార్చి. వెలుతురు ఒక కంటి మీద వేస్తే రెండు కంటిపాపలూ కుంచించుకోవాలి. టార్చిని బాగున్న కంటి నుంచి జబ్బు కంటి మీదికి తిప్పినప్పుడు, ఆ కంటిపాప కుంచించుకోవడానికి బదులు విచ్చుకుంటే, నరం సంకేతాన్ని సరిగా మోయడం లేదని అర్థం. స్కాట్లండ్ వైద్యుడు మార్కస్ గన్ పేరు మీద చెప్పుకునే గుర్తు ఇది. దీన్ని రోగి నటించలేడు. చూపు తగ్గిందంటూ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేయవలసిన ఈ నిమిషం పరీక్షను వదిలేసి, కొత్త అద్దాలు రాసివ్వడం వల్లే చాలామందికి వారాలు వృథా అవుతుంటాయి. రెండు కళ్లకూ ఒకేలా దెబ్బ తగిలినప్పుడు మాత్రం తేడా తెలియదు, కాబట్టి ఈ గుర్తు కనిపించదు.

ఈ జబ్బు చరిత్ర కూడా కంటితోనే మొదలైందనవచ్చు. బ్రిటన్ రాజు మూడో జార్జి మనవడు అగస్టస్ డెస్టే 1822 డిసెంబరులో స్కాట్లండ్‌లో ఒక ఆప్తుడి అంత్యక్రియలకు వెళ్లాడు. ఆ తర్వాత కళ్లు మసకబారి, తన ఉత్తరాలు వేరొకరి చేత చదివించుకోవలసి వచ్చిందని డైరీలో రాసుకున్నాడు. ఏ వైద్యమూ లేకుండానే చూపు తిరిగి వచ్చింది. కొన్నేళ్లకు మళ్లీ చెడింది. ఆనక ఒకటికి రెండు బొమ్మలు కనిపించడం, కాళ్ల బలహీనత, తిమ్మిర్లు వరుస కట్టాయి. 1848లో చనిపోయే దాకా అతడికి తన జబ్బు పేరు తెలియదు. ఆ పేరే అప్పటికి లేదు. పారిస్‌లో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును విడిగా గుర్తించి వివరించింది 1868లో. రాకడ పోకడలతో నడిచే ఎంఎస్‌కు దొరికిన తొలి స్పష్టమైన వ్యక్తిగత రికార్డుగా డెస్టే డైరీని వైద్య చరిత్రకారులు చూస్తారు.

1890లో జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్, ఎంఎస్ ఉన్నవారిలో కొందరికి ఒంటికి శ్రమ కలిగితే కాసేపు చూపు మందగించడం గమనించాడు. అసలు కారణం శ్రమ కాదని, ఒంటి వేడి అని తర్వాత తెలిసింది. మైలిన్ పోయిన పోగులో సంకేతం అంచు మీద నడుస్తుంటుంది. ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా అది ఆగిపోగలదు. ఎంఆర్ఐ రాని రోజుల్లో అనుమానం ఉన్న రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరుగుతాయేమో చూసి జబ్బును నిర్ధారించేవారు కూడా. రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండ కాసే నెలల్లో ఇది పుస్తకాల్లోని విషయం కాదు. మధ్యాహ్నం బయట తిరిగొచ్చినా, జ్వరం వచ్చినా, వేడినీళ్ల స్నానం చేసినా పాత కంటికి మళ్లీ మసక వస్తుంది. చల్లబడితే పోతుంది. దీనివల్ల నరానికి కొత్త నష్టం ఏమీ జరగదు, స్టెరాయిడ్లు అక్కర్లేదు. జ్వరం లేకుండా, 24 గంటలు దాటినా మసక తగ్గకపోతేనే కొత్త దాడిగా అనుమానించాలి.

చికిత్స విషయంలో ఒక పరీక్ష దారి మార్చింది. చూపు తగ్గినవారికి డాక్టర్లు స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వడం 1980ల దాకా అలవాటు. అది నిజంగా పనిచేస్తుందా అని తేల్చడానికి అమెరికాలో 15 కేంద్రాల్లో 457 మంది రోగులతో ‘ఆప్టిక్ న్యూరైటిస్ ట్రీట్‌మెంట్ ట్రయల్’ జరిగింది. ఒక బృందానికి మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ రక్తనాళంలోకి ఎక్కించి, తర్వాత 11 రోజులు మాత్రలు ఇచ్చారు. రెండో బృందానికి మామూలు మోతాదులో ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే 14 రోజులు ఇచ్చారు. మూడో బృందానికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు. 1992లో వెలువడిన ఫలితాలు రెండు విధాలుగా ఆశ్చర్యపరిచాయి. సెలైన్‌లో ఎక్కించిన స్టెరాయిడ్ చూపును త్వరగా తెచ్చింది, అంతే. ఆరు నెలల తర్వాత చూస్తే మందు వాడినవారి చూపుకూ వాడనివారి చూపుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకా ముఖ్యమైంది రెండోది. మామూలు మోతాదు మాత్రలు వేసుకున్నవారిలో జబ్బు తిరగబెట్టడం, ఏమీ వేసుకోనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంది.

ఇప్పటికీ కన్ను మసకబారిందంటే చిన్న మోతాదు స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చే అలవాటు పూర్తిగా పోలేదు. మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటూ పోలేదు. ముప్పయ్యేళ్ల కిందటే తప్పని తేలిన వైద్యం ఇది. పెద్ద మోతాదు సంగతి వేరు. రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కించడం ఇవాళ ఆనవాయితీ. దానికి సమానమైన పెద్ద మోతాదును మాత్రల రూపంలో ఇచ్చినా ఫలితం తగ్గదని 2018లో వెలువడిన కెనడా పరీక్ష చూపింది. ఎలా ఇచ్చినా చక్కెర, రక్తపోటు కనిపెట్టి ఉండాలి. క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్ ఏదీ దాగిలేదని ముందే చూసుకోవాలి.

అమెరికా పరీక్షలో ఏడాది తిరిగేసరికి నూటికి 90 మందికి పైగా చూపు చార్టు మీద బాగా కోలుకుంది. ఇది ఊరటనిచ్చే సంగతే గానీ, పూర్తి నిజం కాదు. చార్టు అంటే తెల్ల అట్ట మీద కటిక నల్లటి అక్షరాలు. బతుకులో అంత స్పష్టమైన తేడాలు తక్కువ. సందెవేళ సిమెంటు మెట్ల అంచు, వానలో వచ్చే బూడిద రంగు కారు, తెల్ల పళ్లెంలో పెరుగన్నం, ఇలాంటివి చూడటంలో కోలుకున్న కన్ను తడబడుతుంది. వెలిసిన బూడిద రంగు అక్షరాలతో చేసిన చార్టులతో పరీక్షిస్తేనే ఈ లోటు బయటపడుతుంది. రోగి ‘ఏదో తేడాగా ఉంది’ అంటే అది నిజమే.

ఎంత నష్టం జరిగిందో కొలవడానికి ఇవాళ రెండు పరీక్షలున్నాయి. 1972లో లండన్‌లో హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ అనే వైద్యులు ఒక పద్ధతిని చూపారు. నలుపు తెలుపు గళ్లు అటూ ఇటూ మారే తెరను రోగికి చూపించి, తల వెనక అంటించిన తీగలతో మెదడు స్పందనను నమోదు చేస్తారు. ఆరోగ్యవంతులలో ఆ స్పందన సెకనులో పదో వంతు దగ్గర వస్తుంది. ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చిన కంటిలో, చూపు తిరిగొచ్చాక కూడా అది ఆలస్యంగానే వస్తుంది. ఊడిపోయిన మైలిన్ లెక్క ఈ ఆలస్యంలో ఉంది.

తెగిపోయిన పోగుల లెక్క చెప్పేది ఓసీటీ. 1991లో అమెరికాలో రూపొందిన ఈ యంత్రం కాంతి కిరణంతో రెటీనా పొరల మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది. నొప్పి ఉండదు, సూది ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. కంటి లోపల నరం పోగులకు మైలిన్ తొడుగు ఉండదు, అవి కనుగుడ్డు దాటాకే తొడుగు వేసుకుంటాయి. కాబట్టి రెటీనాలోని ఆ పొర మందం అంటే అచ్చంగా పోగుల మందమే. మెదడులో ఇలా నేరుగా కొలవగలిగే చోటు మరొకటి లేదు. ఆరోగ్యంగా ఉంటే ఆ పొర సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది. వెనక నరంలో తెగిన పోగు క్రమంగా ముందుకు ఎండుతూ వచ్చి, మూడు నుంచి ఆరు నెలల్లో రెటీనాలోని తన వంతు భాగాన్నీ పోగొట్టుకుంటుంది. ఒక్క దాడికి 20 మైక్రాన్ల దాకా తరిగిపోవడం మామూలే. 75 మైక్రాన్ల కన్నా పలచబడితే చూపు కోలుకోవడం కష్టమవుతుందని 2006లో కెనడా పరిశోధకులు గుర్తించారు. ఆప్టిక్ న్యూరైటిస్ ఎన్నడూ రాని ఎంఎస్ రోగుల కళ్లలో కూడా ఈ పొర ఏటేటా కొద్దికొద్దిగా పలచబడుతూ ఉంటుంది. దాడులు లేనంత మాత్రాన జబ్బు నిద్రపోతున్నట్టు కాదని కంటి వెనక గోడ ఇలా చెబుతోంది.

ఒక్క కన్నే మసకబారి, ఇంకే బాధా లేనివారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది ఎంఎస్‌గా మారుతుందా అన్నది. అమెరికా పరీక్షలో పాల్గొన్నవారిని 15 ఏళ్లు కనిపెట్టి చూశారు. మొత్తం మీద సగం మందికి ఎంఎస్ వచ్చింది. కానీ ఆ సగటును విడదీసి చూడాలి. మొదటి రోజుల్లో తీసిన మెదడు ఎంఆర్ఐలో ఒక్క మచ్చ కూడా లేనివారిలో 25 శాతం మందికే వచ్చింది. ఒకటో అంతకన్నా ఎక్కువో మచ్చలున్నవారిలో 72 శాతం మందికి వచ్చింది. అందుకే కన్ను మసకబారితే మెదడు స్కానింగ్ ఎందుకని అడగకూడదు. విచిత్రమేమంటే, చాలాకాలం ఎంఎస్ నిర్ధారణ సూత్రాల్లో మచ్చలు ఉండదగిన చోట్లుగా మెదడులో మూడింటినీ వెన్నుపామునూ లెక్కించారు గానీ కంటి నరాన్ని లెక్కించలేదు. మెక్‌డొనాల్డ్ ప్రమాణాలనే ఆ సూత్రాలు 2024 సవరణలోనే దాన్ని అయిదో చోటుగా చేర్చాయి. ఎంఆర్ఐతో పాటు ఓసీటీ, తెర పరీక్షలకూ అందులో విలువ దక్కింది.

కంటి నరం వాచిన ప్రతిసారీ అది ఎంఎస్ కాదు. మన దేశంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. భారత్‌లో ఎంఎస్ అరుదని పాత పుస్తకాలు చెప్పేవి. మంగళూరు ప్రాంతంలో జరిగిన సర్వేలో లక్షకు 8 మంది దాకా ఉన్నట్టు తేలింది. పాశ్చాత్య దేశాల కన్నా ఇది తక్కువే. ఎంఎస్ తక్కువ కాబట్టి, దాన్ని పోలిన మరో రెండు జబ్బుల వాటా ఇక్కడ పెద్దదిగా కనిపిస్తుంది. ఒకటి న్యూరోమైలైటిస్ ఆప్టికా. ఫ్రెంచి వైద్యుడు డెవిక్ 1894లో వర్ణించిన ఈ జబ్బును వందేళ్లకు పైగా ఎంఎస్‌లో ఒక రకంగానే చూశారు. 2004లో మేయో క్లినిక్‌లో వాండా లెన్నన్ బృందం దీనికి ప్రత్యేకమైన యాంటీబాడీని కనిపెట్టింది. అది ఆక్వాపోరిన్-4 అనే నీటి చానల్ మీద దాడి చేస్తుందని ఆ తర్వాత తేలింది. చూపు ఇందులో చాలా ఎక్కువగా పోతుంది, తనంతట తాను తిరిగి రావడం తక్కువ. స్టెరాయిడ్‌తో ఆగకుండా వెంటనే ప్లాస్మా మార్పిడి చేయవలసి రావచ్చు. ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ లాంటివి ఇందులో హాని చేస్తాయి. అందువల్ల ఒక రక్తపరీక్ష దగ్గర పొదుపు చేసి మందు మొదలుపెట్టడం సరికాదు. రెండోది మాగ్ (ఎంఓజీ) యాంటీబాడీ జబ్బు. రెండు కళ్లూ ఒకేసారి మసకబారడం, నరం మొదలు బాగా ఉబ్బడం, స్టెరాయిడ్‌కు చకచకా లొంగి, ఆపగానే తిరగబెట్టడం దీని తీరు.

నొప్పి లేకుండా రెండు కళ్ల చూపూ మెల్లగా తగ్గుతుంటే ఆలోచన వేరే దిక్కుకు పోవాలి. క్షయకు వాడే ఇథాంబుటాల్ మాత్రలు, బి12 విటమిన్ కొరత అలాంటి కారణాలు. మిథైల్ ఆల్కహాల్ కలిసిన కల్తీ సారా అయితే ఒకటి రెండు రోజుల్లోనే చూపును తుడిచిపెడుతుంది. సిఫిలిస్ కూడా కంటి నరానికి పట్టవచ్చు. దానికి పెన్సిలిన్ ఉంది.

ఎంఎస్‌లో చూపు చెడే దారులు ఇంకా ఉన్నాయి. కళ్లను కదిలించే తీగలు వెళ్లే చోట, మెదడు కాండంలో మచ్చ పడితే, పక్కకు చూసినప్పుడు ఒక కన్ను ముక్కు వైపు తిరగక ఒకటి రెండుగా కనిపిస్తుంది. కళ్లు అదుపు లేకుండా అదరడం వల్ల చదివే పంక్తి కుదురుగా నిలవదు. వందలో ఒకరికి కంటి లోపలి పొరలకే ఇన్‌ఫ్లమేషన్ వస్తుంది. దాన్ని యువియైటిస్ అంటారు. కళ్ల ముందు మచ్చలు తేలుతుంటాయి. మందు వల్లా ఒక చిక్కుంది. ఫింగోలిమాడ్ కొద్దిమందిలో రెటీనా నడిమధ్య నీరు చేరేలా చేస్తుంది. అందుకే అది మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకు కంటి పరీక్ష చేయిస్తారు.

స్టెరాయిడ్ మండుతున్న దాడిని చల్లార్చడానికే. రాబోయే దాడులను ఆపేవి వేరే మందులు. 1993లో ఇంటర్‌ఫెరాన్ బీటాతో ఈ శకం మొదలైంది. అది దాడులను మూడింట ఒక వంతు తగ్గించేది. తర్వాత వచ్చినవి పైన చెప్పుకున్న దాడి క్రమంలో ఒక్కో మెట్టును పట్టుకున్నాయి. నాటలిజుమాబ్ టి-లింఫోసైట్లు రక్తనాళం గోడకు అతుక్కోకుండా చేస్తుంది. ఫింగోలిమాడ్ వాటిని లింఫు గ్రంథుల్లోనే నిలిపేస్తుంది. రిటుక్సిమాబ్, 2017లో అమెరికా అనుమతి పొందిన ఓక్రెలిజుమాబ్ బి-లింఫోసైట్లను తగ్గిస్తాయి. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే ఏ మందుకైనా ఇన్‌ఫెక్షన్ల ముప్పు తోకలా ఉంటుంది. మన దగ్గర ముందు చూడవలసింది క్షయ, హెపటైటిస్-బి. తెగిన పోగులు తిరిగి రావు గనుక, మచ్చలు పేరుకున్నాక మొదలుపెట్టే మందు కన్నా మొదటి దాడి తర్వాత మొదలుపెట్టేదే ఎక్కువ కాపాడుతుంది.

పోయిన తొడుగును తిరిగి మొలిపించే మందు గానీ, పోగులను తెగకుండా కాపాడే మందు గానీ ఇంకా వైద్యుల చేతికి రాలేదు. 2016లో లండన్ పరిశోధకులు, మూర్ఛకు వాడే పాత మందు ఫెనిటాయిన్‌ను ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చిన రెండు వారాల్లోపు ఇస్తే, రెటీనా పొర తరుగుదల సుమారు 30 శాతం తగ్గినట్టు చూపారు. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 మంది ఎంఎస్ రోగుల మీద జరిగిన పరీక్షలో, అలర్జీకి వాడే క్లెమాస్టిన్ కంటి సంకేతం ఆలస్యాన్ని దాదాపు 2 మిల్లీసెకన్లు తగ్గించింది. అంకె చిన్నదే గానీ, ఏళ్ల కిందట ఊడిన మైలిన్‌ను మళ్లీ ఏర్పరచవచ్చని మనుషుల్లో కనిపించిన ఆధారం అది. పెద్ద మోతాదు ఎరిత్రోపోయిటిన్ మీద జర్మనీలో పెట్టుకున్న ఆశ 2021 ఫలితాలతో వమ్మయింది. అది పోగులను కాపాడలేకపోయింది.

చూపు లోటు మిగిలిపోయినవారికి ఇంట్లో చేసుకోదగ్గ మార్పులు చాలా ఉన్నాయి. మెట్ల అంచుకు రంగు టేపు అంటించడం, అన్నానికి ముదురు రంగు పళ్లెం వాడటం, ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి నల్ల తెర మీద తెల్లగా వచ్చేలా మార్చుకోవడం, వేసవిలో వంటపని పొద్దున్నే ముగించుకోవడం అలాంటివి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల మందచూపు ఉన్నవారికి విడిగా శిక్షణ ఇచ్చే విభాగాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. అయితే ప్రయోజనాలు చాలావరకు 40 శాతం వైకల్యం తేలితేనే దక్కుతాయి. ఒక కన్ను ఎంత పోయినా రెండో కన్ను బాగుంటే చూపు లెక్కలో ఆ శాతం రాదు. కాబట్టి వైకల్యాన్ని లెక్కగట్టే సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు కంటి రిపోర్టులతో సరిపెట్టుకోకుండా, నడక, చేతుల పట్టు, మూత్ర సమస్యలకు సంబంధించి న్యూరాలజిస్టు ఇచ్చిన కాగితాలూ, ఎంఆర్ఐ రిపోర్టులూ కలిపి పట్టుకెళ్లడం అవసరం.